తన్నని తూటా

నేను ఒక దిండును. తల కింద పెట్టుకునే దిండును కాదు, అంత సుఖం నాకు రాసిపెట్టి లేదు. తుపాకి మడమకూ మనిషి భుజానికీ మధ్య కూర్చునే తోలు దిండును. తుపాకి పేలినప్పుడు గుండు ముందుకు పోతుంది, తుపాకి వెనక్కి తంతుంది. ముందుకు పోయిన గుండు గురించి అందరూ కథలు చెప్పుకుంటారు. వెనక్కి వచ్చిన తన్ను గురించి నేనే చెప్పాలి. నేను అరచెయ్యంత ఉంటాను. చంక కిందుగా కట్టుకోవడానికి రెండు తోలు వార్లు ఉండేవి, ఒకటి తెగిపోయింది. ఇప్పుడు ఒళ్ళంతా మసి. వాసన చూస్తే తాలింపు వాసన వస్తుంది. ఇంకాస్త ఓపిక పట్టి చూస్తే దాని అడుగున తుపాకిమందు వాసన దొరుకుతుంది. అది ఎంత కడిగినా పోలేదు.

నేను పుట్టింది నల్లమల అడవి అంచున ఉన్న గుట్టపాడులో. చెప్పులు కుట్టే ఈరన్న నన్ను మేకతోలుతో కుట్టాడు. మొదట నా కడుపులో బూరుగు దూది కుక్కాడు. ఒక్క తూటా పేలేసరికి జొన్నరొట్టెలాగా చదునైపోయాను. ఈరన్న తల గోక్కుని, నన్ను విప్పి, ఈసారి గొర్రెబొచ్చు దట్టించి కుట్టాడు. అప్పటినుంచీ నేను ఇంతే గట్టిగా ఉన్నాను. నన్ను కుట్టించింది అడవిలో వెదురు నరికించే కూపుల కాంట్రాక్టరు కాశిరెడ్డి. కుట్టించింది తనకోసం కాదు, కూతురు ఓబుళమ్మ కోసం.

ఆడపిల్లకు తుపాకి దిండేమిటని మీరు అడగవచ్చు. ఊరూ అడిగింది. దానికి కాశిరెడ్డి ఇంటి మగవాళ్ళ గొప్పలే కారణం. ఆ ఇంట్లో రెండు లివర్ తుపాకులు ఉండేవి. మీట దగ్గర ఉన్న ఇనప పిడిని కిందికి లాగి పైకి కొడితే, కాలిన తూటా ఎగిరి బయట పడుతుంది, కొత్తది లోపలికి వచ్చి కూర్చుంటుంది. మిగతా తూటాలు గొట్టం కిందనే ఉన్న ఇంకో గొట్టంలో బారుగా పడుకుని ఉంటాయి. ఒక తుపాకి తూటా సన్నం. దాన్ని ముప్పై అనేవాళ్ళు. రెండోదాని తూటా బొటనవేలంత లావు. దాన్ని నలభై అయిదు అనేవాళ్ళు. దుప్పిని కొట్టడానికి ముప్పై చాలు. దుప్పికి ఏ తూటాతో చచ్చినా ఒకటే. కానీ ఆ ఇంటి మగవాళ్ళకు ఒకటి కాదు.

సాయంత్రమైతే అరుగు మీద చేరి, ఏది ఎక్కువ తంతుంది, ఎవరు ఎంత తట్టుకున్నారు అనే ముచ్చటే. చొక్కా గుండీలు విప్పి, కమిలిన భుజాలు బయటపెట్టి, పెళ్ళికూతురి నగల్లాగా ఒకరికొకరు చూపించుకునేవాళ్ళు. ముప్పై తన్నుడు దోమకాటని ఒకడంటే, నలభై అయిదు కూడా తనకు చక్కిలిగింత పెట్టినట్టు ఉంటుందని ఇంకొకడనేవాడు. అలా అన్నవాడే ఆ రాత్రి పెళ్ళాం చేత ఆముదపు ఆకు కాపడం పెట్టించుకునేవాడు. కాశిరెడ్డికి ఈ అబద్ధాలు విని విని విసుగు పుట్టింది. ఆయన తుపాకుల్ని ప్రేమించిన మనిషి. ఏ తూటాలో ఎంత మందు పోస్తే ఎంత తంతుంది, తుపాకి బరువు తగ్గితే తన్ను ఎంత పెరుగుతుంది అని లెక్కలు కట్టేవాడు. నిజం చెప్పే భుజం ఒకటి కావాలనుకున్నాడు. పక్కన కూర్చుని ఖాళీ తూటాల్లో మందు నింపుతున్న కూతురు కనబడింది.

ఆ పిల్ల రెండూ కాల్చింది, నన్ను కట్టుకుని. తండ్రి అడిగితే ఏమీ కలపకుండా చెప్పింది. చిన్నది చెంప మీద కొట్టినట్టు కొట్టి వదిలేస్తుందనీ, పెద్దది ఎద్దు తలపెట్టి నెట్టినట్టు నెట్టి, ఇంకా నెడుతూనే ఉంటుందనీ చెప్పింది. నాకు ఆ మాట నచ్చింది. రెండింటినీ మొదట తిన్నదాన్ని నేను కదా. ముప్పై తన్ను పైపైన చురుక్కుమని పోతుంది. నలభై అయిదు తన్ను నా పొట్టలోని బొచ్చునంతా దాటుకుని అవతలి ఎముక దాకా పోయి అక్కడ ఆగుతుంది. ఓబుళమ్మ ఎముకలు సన్నం. అందుకని కాశిరెడ్డి ఆమె కోసం ముప్పైలో మందు సగానికి తగ్గించి తూటాలు చేయించాడు. అవి హాయిగా పేలేవి. దూరాన పెట్టిన కుండను పగలగొట్టేవి. తన్ను మాత్రం చిన్నపిల్ల ఆటకు తోసినట్టు ఉండేది. మందు సగమైతే తన్నూ సగం అవుతుందని ఆమె అప్పుడు నేర్చుకుంది. నేనూ అదే నేర్చుకున్నాను. మా ఇద్దరికీ తెలియనిది ఒకటి మిగిలిపోయింది.

తండ్రి కళ్ళకు మసక వచ్చాక తూటాలు నింపే పని పూర్తిగా ఓబుళమ్మకే వచ్చింది. ఆ సంగతి బయటికి చెప్పుకోలేదు. కాశిరెడ్డి చేతి తూటా అంటే ఆ చుట్టుపక్కల పేరు. ఆ పేరు అలాగే ఉంచాలని తండ్రీకూతుళ్ళిద్దరూ తలుపు దగ్గరికి వేసుకుని మందుగదిలో కూర్చునేవాళ్ళు. పనంతా ఆమె చేసేది, ఆయన పక్కన కూర్చుని పాత వేటల గురించి చెప్పేవాడు. వాళ్ళిద్దరూ అంత సంతోషంగా ఇంకెక్కడా ఉండేవాళ్ళు కాదు. నేను గూట్లోంచి చూసేదాన్ని.

ఓబుళమ్మకు పెళ్ళయింది. భర్త తిప్పారెడ్డిది మైదానపు ఊరు, పత్తి పండించే ఇల్లు. నెమ్మదైన మనిషి. తుపాకి పట్టి ఎరగడు. చిన్నప్పుడు బండి మీదనుంచి పడి మెడ కింది ఎముక విరిగింది. కట్టు కట్టినవాడు సరిగ్గా కట్టలేదు. కుడి భుజం దగ్గర ఎముక గడ్డలాగా పైకి తేలి ఉంటుంది. బరువెత్తితే ఇప్పటికీ సలుపుతుంది. పెళ్ళైన కొత్తలోనే ఈ మాట భార్యకు చెప్పి, మీవాళ్ళకు చెప్పొద్దని బతిమిలాడాడు. పాపం, ఏ ఇంటికి అల్లుడయ్యాడో ఆయనకు అప్పటికే తెలిసిపోయింది.

ఆ ఇంటికి ఒక ఆచారం ఉంది. కొత్త అల్లుడు మొదటి వేటలో నలభై అయిదుతో ఒక తూటా కాల్చాలి. ఆ తూటాను మామ స్వయంగా నింపి, తమలపాకుల్లో వక్కతో సహా పెట్టి తాంబూలంలాగా అల్లుడి చేతికి ఇస్తాడు. భుజానికి ఏ అడ్డూ పెట్టుకోకూడదు. ఇంటికొచ్చాక అత్త, అత్త లేకపోతే ఇంటి కోడలు, అందరి ముందూ అల్లుడి భుజం చూసి, కమిలిన చోట ఆముదపు ఆకు వెచ్చచేసి వేస్తుంది. ఆ తర్వాతే అతను ఆ ఇంటి మనిషి. కమలకపోతే జన్మంతా ఎగతాళి. దుప్పి పడిందా లేదా అన్నది ఎవరికీ పట్టదు.

తిప్పారెడ్డి భయపడ్డాడు. భయపడ్డానని భార్యతో చెప్పుకునే ధైర్యం మాత్రం ఆయనకుంది. ఓబుళమ్మ నన్ను పెట్టెలోంచి తీసి, చొక్కా కింద కట్టుకుంటే ఎవరికీ కనబడదని చెప్పింది. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. నలభై అయిదు తన్ను నన్ను దాటుకుని ఎముక దాకా పోతుందని ఆమెకు తెలుసు. ఆ ఎముక అసలే సరిగ్గా అతకనిది, అది మళ్ళీ విరగడం కంటే ఎగతాళే నయమనుకుంది. వేటకు ముందునాటి మధ్యాహ్నం మందుగదిలో తండ్రి పక్కనే కూర్చుని అల్లుడి తూటా నింపుతూ, ఆమె చెయ్యి ఆపింది. మందు సగానికి తక్కువే పోసింది. పైన గుండు కూర్చోబెట్టి, తుడిచి, తండ్రి చేతిలో పెట్టింది. తండ్రి దాన్ని వేళ్ళతో తడిమి, అల్లుణ్ణి తలచుకుని నవ్వాడు. నేను ఆమె ఒళ్ళోనే ఉన్నాను. ఆమె చేసిన పని నాకు బాగానే అనిపించింది. ఆ మనిషి మీద ఆమెకు ఉన్న ప్రేమ అంతా ఆ తగ్గించిన మందులో ఉందనుకున్నాను.

మరునాడు పొద్దెక్కాక బయలుదేరారు. కాశిరెడ్డి డప్పులవాళ్ళతో కొండ అవతలికి పోయాడు, జంతువుల్ని ఇటువైపు తోలడానికి. ఇటువైపు తిప్పారెడ్డి, ఆయన చొక్కా కింద నేను, పక్కన ఓబుళమ్మకు అన్న అయిన మద్దిలేటిరెడ్డి, వెనక ఇద్దరు ముగ్గురు చుట్టాలు. మద్దిలేటి నిలువెత్తు మనిషి, నోరు తెరిస్తే నవ్వే. దారిపొడుగునా బావను ఆటపట్టిస్తూనే ఉన్నాడు. వాగు దాటేటప్పుడు తిప్పారెడ్డి కాలు జారింది. పడలేదు గానీ తుపాకి కొస గట్టు బురదకు తగిలింది. అందరూ చూశారు, నవ్వారు. ఆయన సిగ్గుపడి తువ్వాలుతో తుడుచుకున్నాడు. గొట్టం లోపలికి ఎవరూ తొంగి చూడలేదు. బురద లోపలికి పోలేదు. మడమ నన్ను ఒత్తుకుని ఉన్నంతసేపూ నేను తుపాకితోనే ఉన్నాను, నాకు తెలుసు. నాకు తెలిసి ఏం లాభం.

తుపాకిలో ముందు మామూలు తూటాలు దోపి, చివర్న తాంబూలపు తూటా పెట్టారు. చివర పెట్టిందే ముందు పేలుతుంది. డప్పులు దగ్గరపడ్డాయి. పొదల్లోంచి కొమ్ములున్న దుప్పి బయటికొచ్చి నిలబడింది. తిప్పారెడ్డి కళ్ళు మూసుకుని మీట నొక్కాడు.

నేను తన్ను కోసం సిద్ధంగా ఉన్నాను. ఎన్ని తిన్నానో, అలవాటైన ఒళ్ళు. కానీ రావాల్సింది రాలేదు. ఎవరో వెనకనుంచి వచ్చి భుజం తట్టినట్టు తట్టి ఊరుకుంది. అంతే. గుండు గొట్టాన్ని విడిచిపెట్టి పోతేనే తుపాకి ఆ ఊపున వెనక్కి తంతుంది. ఇది తన్నలేదంటే గుండు బయటికి పోలేదు. అంత పెద్ద తూటాలో పోసిన ఆ కాస్త మందుకు అంత బరువైన గుండును తోసే బలం చాలలేదు. ముప్పైలో చెల్లిన లెక్క నలభై అయిదులో చెల్లలేదు. గుండు గొట్టంలోనే ఎక్కడో బిగుసుకుని కూర్చుంది. ఆ క్షణాన లోకంలో ఆ సంగతి తెలిసింది నాకు మాత్రమే. ఈరన్న నాకు నోరు కుట్టలేదు. అప్పటివరకూ నాకు అది లోటనిపించలేదు.

తూటా చప్పుడు డప్పుల్లో కలిసిపోయింది. దుప్పి ఉలిక్కిపడి గుట్ట ఎక్కబోయింది. మద్దిలేటి నవ్వుతూ తుపాకి లాక్కున్నాడు.

"దుప్పి పోతే పోనీలే బావా. నీ భుజం ఉండాదా, పోయిందా?" అన్నాడు.

అంటూనే పిడి లాగి కొట్టి, గుట్ట మీదికి గురిచూసి కాల్చాడు. నిండు మందు తూటా. ఇందాకటి గుండు గొట్టంలో దారికడ్డంగా ఉంది. గొట్టం చీలిపోయింది. నేను చొక్కా కింద తిప్పారెడ్డి ఒంటికి కట్టి ఉన్నాను, చూడలేదు. ఆయన గుండె కొట్టుకోవడం ఒక్కసారి ఆగి, తర్వాత చెట్టుకు కట్టేసిన మేకపిల్లలాగా గింజుకోవడం మాత్రం తెలిసింది. మద్దిలేటిని బండిలో వేసి తెస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

ఇంట్లో మద్దిలేటి భార్య నాగమ్మ పొయ్యి దగ్గర ఆముదపు ఆకులు వెచ్చచేస్తోంది. కొత్త అల్లుడి భుజం మీద వేయడానికి. అత్త లేని ఇల్లు కాబట్టి ఆ వేడుక ఆమెది. బండి వాకిట్లో ఆగాక కూడా కాసేపు ఆమె చేతిలో ఆ ఆకు అలాగే ఉందట.

చీలిన గొట్టాన్ని చూసినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు. బురద. గొట్టంలో మట్టి ఉంటే తుపాకి పగులుతుందని పసిపిల్లకు కూడా తెలుసు. మొదటి తూటాకు బీటవారి రెండోదానికి చీలిందని సర్దుకున్నారు. వాగు దగ్గర అల్లుడు జారడం అందరూ చూసిందే. పోలీసులు ప్రమాదమని రాసుకుని పోయారు. ఊరు మాత్రం తిప్పారెడ్డి అని రాసుకుంది. ఎవరూ ఆయన మీద చెయ్యి చేసుకోలేదు, గట్టిగా ఒక మాట అనలేదు. దినాలకు వెళ్తే కూర్చోమన్నారు. నీళ్ళు తాగుతావా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆయన ఉన్నంతసేపూ నాగమ్మ గదిలోంచి బయటికి రాలేదు.

ఆయనా నమ్మేశాడు. తానే చంపానని నమ్మేశాడు. పొలంనుంచి వచ్చి చేతులు కడుక్కుంటే, గోళ్ళ సందుల్లో బురద పోలేదని మళ్ళీ మళ్ళీ కడుక్కునేవాడు. వానపడి వాకిలి తడిస్తే బయటికి రావడం మానేశాడు. తినబోయిన ముద్ద చేతిలోనే ఉండిపోయేది. ఓబుళమ్మ ఎదురుగా కూర్చుని చూసేది. చీలిన గొట్టాన్ని చూసినప్పుడే తన సగం మందు సంగతి ఆమెకు అర్థమైపోయింది. చెప్పాలని ఆమె నోటిదాకా వచ్చేది. చెబితే ఆయన మీది బరువు దిగుతుంది. కానీ అన్నను చంపింది తనే అని పుట్టింట్లో, నాగమ్మ ముందు, తండ్రి ముందు నిలబడి అనాలి. ఆ మాట ఎత్తుకోలేక ఆమె రోజురోజుకీ చిక్కిపోయింది. మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు పెట్టెలోంచి నన్ను తీసి, భుజానికి పెట్టుకుని పిడికిలితో గుద్దుకునేది. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా. ఎంత తన్ను వచ్చి ఉంటే గుండు బయటపడేదో వెతుక్కునేదేమో. అంత ఏడుపు అణుచుకున్న భుజాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. నాకు తగిలిన తన్నులన్నీ మరిచిపోయాను. ఆ రోజు తగలకుండా పోయిందే ఇప్పటికీ నా పొట్టలో తిరుగుతూ ఉంటుంది.

ఏడాది తిరిగాక మద్దిలేటి సంవత్సరీకానికి ఇద్దరూ గుట్టపాడు వెళ్ళారు. నన్ను ఆ ఇంట్లోనే ఎక్కడైనా పడేసి రావాలని ఓబుళమ్మ గుడ్డలో చుట్టి తెచ్చింది. మందుగదికి వెళ్ళి కూర్చుంది. అక్కడికి అరుగు మీది మాటలు వినబడతాయి. మగవాళ్ళు చేరారు. ఏడాదిగా తుపాకి మాట ఎత్తని ఇల్లు, ఆ రోజు ఎవరో ఎత్తారు. ఎత్తినవాడు తిప్పారెడ్డి వైపు చూశాడు. ఇంతలో కాశిరెడ్డి, ఏమనుకున్నాడో ఏమో, ఏడాదిలో మొదటిసారి అల్లుణ్ణి నేరుగా పలకరించాడు. ఆ రోజు నీ భుజానికి ఎట్లా తగిలిందని అడిగాడు. జన్మంతా అందరినీ అడిగిన ప్రశ్న, అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసి ఉంటుంది.

"తన్నలేదు మామా. ఊరికే తట్టినట్టయింది, అంతే," అన్నాడు తిప్పారెడ్డి.

ఒకడు ముసిముసిగా నవ్వాడు. ఇంత జరిగాక కూడా గొప్పలు పోతున్నాడనుకున్నాడు. పాపం ఆయన ఉన్న మాటే చెప్పాడు. జీవితంలో ఒక్క తూటా కాల్చినవాడు, తుపాకి అంతే తంతుందనుకున్నాడు. ఏడాదిపాటు తనను విడిపించే మాట తన నోట్లోనే పెట్టుకుని తిరిగాడు. ఎవరూ అడగలేదు. కాశిరెడ్డి మాత్రం నవ్వలేదు. నలభై అయిదు ఊరికే తట్టదని ఆయనకు తెలుసు. ఎప్పుడు తడుతుందో కూడా తెలుసు.

ఆయన లేచి గోడ తడుముకుంటూ మందుగదిలోకి వచ్చాడు. కూతురి ఒళ్ళో చెయ్యి పెడితే నేను తగిలాను. నన్ను చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, వేళ్ళతో వార్లు తడిమాడు. ఓబుళమ్మ తల ఎత్తలేదు. ఆ తూటా నింపినప్పుడు ఆ గదిలో ఉన్నది వాళ్ళిద్దరూ నేనూ. కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"కండ్లు కనపడక నేనే మందు తక్కువ పోసినట్టుండాను. నేనే కదమ్మా పోసింది?"

ఓబుళమ్మ నోరు తెరిచింది. ఆయన చెయ్యి ఆమె తలమీద ఉంది. అక్కడ ఒక్క మాట చెబితే చాలు. చెప్పమ్మా అని నా బొచ్చంతా బిగుసుకుంది.

"ఔ నాయనా," అంది.

ఆయన బయటికి పోయి అరుగు మీద నిలబడి ఆ మాటే అందరికీ చెప్పాడు. బురద కాదు, అల్లుడి తప్పు కాదు, ముసలివాణ్ణి కళ్ళు లేకపోయినా పేరు కోసం తూటా నింపాను, నా కొడుకును నేనే పోగొట్టుకున్నాను అన్నాడు. తలుపు చాటున నాగమ్మ విన్నది. ఆ పూట తిప్పారెడ్డికి ఎవరో చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆయన చెంబు పట్టుకుని చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాడు.

కాశిరెడ్డి నన్ను వెనక్కి ఇవ్వలేదు. వంటింటి గూట్లో పడేశాడు. నేనేమిటో నాగమ్మకు తెలియదు. తోలు దిట్టంగా ఉంది, చేయి కాలదని వేడి గిన్నెలు దించడానికి వాడుకుంది. తుపాకి మడమనుంచి గంజి కుండ దాకా, మనుషులకు ఏది కాలితే దానికి అడ్డం పెట్టడమే నా బతుకని సరిపెట్టుకున్నాను. పగిలిన తుపాకిని ఎవరో వాగులో పారేశారు. అడవిలో వేట కూడదని చట్టం వచ్చాక ముప్పైని స్టేషన్లో ఇచ్చేశారు. నన్ను ఎవరూ అడగలేదు.

వంటింట్లో ఉన్నాను కాబట్టి ఆ తర్వాతి సంవత్సరాలన్నీ నేను చూశాను. కోడలు మామకు ఏ పూటా అన్నం తప్పించలేదు. వేళకు వేడివేడిగా వడ్డించేది. వడ్డించి, మొహం గోడవైపు తిప్పుకుని నిలబడేది. ఆయన ఒక్కో ముద్ద తిని, పులుసు బాగా కుదిరిందమ్మా అనేవాడు ఆమె వీపుతో. జవాబు ఉండేది కాదు. మరునాడు మళ్ళీ ఏదో ఒకటి అనేవాడు. చిక్కుడుకాయ లేతగా ఉందనో, మజ్జిగ పుల్లబడిందనో. గోడకు చెప్పినట్టే. అలా ఒక మనిషి మనవలు పెద్దవాళ్ళయ్యేదాకా గోడతో మాట్లాడుతూ తిన్నాడు.

ఓబుళమ్మ వచ్చినప్పుడల్లా ఇది చూసేది. ఒకసారి ఆగలేక తండ్రి పక్కన కూర్చుని, చెప్పేస్తానని గుసగుసగా అంది. ఆయన వద్దన్నాడు. నువ్వు చాలా ఏళ్ళు బతకాల్సినదానివి, నేను ఎన్నాళ్ళు మోస్తాను, నాలుగు రోజులు అన్నాడు. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ బతికాడు. ఓబుళమ్మ మాత్రం ఆ మాట పట్టుకుని ఊరుకుంది. ఆమె ఇంట్లో తిప్పారెడ్డి మళ్ళీ మనిషయ్యాడు. బురదలో దిగి నాట్లు వేయించాడు. మామ మీద జాలిపడి, పెద్దాయనను క్షమించమని తానే నాగమ్మకు కబురు చేసేవాడు. ఆ సంతోషాన్ని చెడగొట్టడానికి ఓబుళమ్మకు చేతులు రాలేదు. ఆమెను నేను తప్పు పట్టలేను. కానీ గోడవైపు తిరిగిన ఆ వీపును రోజూ చూసింది నేను. కొన్నిసార్లు ఓబుళమ్మ మీద నాకు మండిపోయేది.

కాశిరెడ్డి పోయాడు. నిద్రలో సుఖంగా పోయాడని అన్నారు. దినాలు అయిపోయి చుట్టాలు బయట బళ్ళు కట్టుకుంటున్నారు. వంటింట్లో నాగమ్మ, ఓబుళమ్మ ఇద్దరే ఉన్నారు. నాగమ్మ నాతో అన్నం గిన్నె పట్టుకుని దించింది. ఓబుళమ్మ నన్ను చూసింది. అన్నేళ్ళుగా చూడనట్టు నటించింది, ఆ రోజు నటించలేదు.

"వదినె, అది గిన్నెలు దించేది కాదు," అంది.

తర్వాత అంతా చెప్పింది. నేల మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మధ్యలో ఆగి ఏడ్చి, మళ్ళీ మొదలుపెట్టి చెప్పింది. భర్త ఎముక గురించీ, సగం మందు గురించీ, ముప్పైలో చెల్లింది కదా అని నలభై అయిదులోనూ చెల్లుతుందనుకోవడం గురించీ, మందుగదిలో తండ్రి అడిగిన ప్రశ్న గురించీ, తను ఇచ్చిన జవాబు గురించీ. తిప్పారెడ్డికి కూడా ఇవాళే చెబుతానంది. తనను కొట్టమంది. ఊళ్ళో చాటించమంది. నాగమ్మ గిన్నె కింద పెట్టలేదు. నేను ఆమె చేతిలోనే ఉన్నాను. వేడి నాలోంచి దాటి ఆమె వేళ్ళకు తగులుతోంది. ఆమెకు తెలియలేదు. మద్దిలేటి పేరెత్తి ఏడుస్తుందనుకున్నాను. ఓబుళమ్మ కూడా అదే అనుకుని తల వంచుకుంది.

నాగమ్మ గిన్నె కింద పెట్టి, మామ కూర్చుని తినే చోటు వైపు చూసింది. అక్కడ పీట ఇంకా గోడకు ఆనించి ఉంది.

"ఇన్నేండ్లు ఆ మనిషికి మొగం తిప్పుకోని అన్నం పెట్టినా. పులుసు బాగుందమ్మా అంటే ఒక్కనాడన్నా ఊఁ అనలేదు. ఇప్పుడు యాడికి పోయి అనేది ఓబుళమ్మా?"

బయట ఎవరో బండి కట్టడం అయిందని కేకేశారు. నాగమ్మ ఆ పీటను తీసి వాల్చింది. ఆకు వేసి, అన్నం పెట్టి, పులుసు పోసి, ఓబుళమ్మను చెయ్యి పట్టుకుని తెచ్చి దాని మీద కూర్చోబెట్టింది. తాను గోడవైపు తిరగలేదు. ఎదురుగా కూర్చుని, ఆమె మొహంలోకే చూస్తూ, తినమంది. ఓబుళమ్మ ఒక ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకుంది. మింగలేకపోయింది. నాగమ్మ చూపు తిప్పుకోలేదు, మంచినీళ్ళు దగ్గరికి జరిపింది, ఇంకో ముద్ద తినేదాకా అలాగే కూర్చుంది.